పైబెర్తులో చలి, కిందిబెర్తులో ఉక్క

ప్రశ్న: థర్డ్ ఏసీలో పైబెర్తులో పడుకుంటే రాత్రంతా ముఖం మీదికి చల్లగాలి కొడుతుంది. కింద మా అమ్మకేమో ఉక్కపోత. అటెండర్‌ని అడిగితే 24 డిగ్రీలే ఉందండీ అంటాడు. బోగీలో గాలి ఎటు పోతుందో కంప్యూటర్‌లో ముందే చూసి డిజైన్ చేస్తారట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నిజమేనమ్మా. నా ఉద్యోగమంతా కోచ్ ఏసీ డక్టుల (చల్లగాలిని మోసుకెళ్లే గొట్టాల) డిజైన్‌లోనే గడిచింది. ఆ 24 అనేది బోగీ మొత్తానికి ఒకే అంకె. ఒంటికి తెలిసేది అదొక్కటే కాదు. గాలి వేడి, వేగం, తేమ, చుట్టూ గోడల వేడి, కప్పుకున్న దుప్పటి, శరీరం పడుతున్న శ్రమ, ఈ ఆరూ కలిస్తేనే హాయి అని డెన్మార్క్ శాస్త్రవేత్త ఓలే ఫాంగర్ 1970లోనే లెక్క కట్టి చూపించారు. మీ తిప్పలన్నీ గాలి వేగంతోనే. సీలింగ్ వెంట్‌లోంచి వచ్చే గాలి చుట్టుపక్కల గాలిలో కలవకముందే మీ ముఖానికి తగులుతోంది. అమ్మగారికి మిడిల్ బెర్తు అడ్డం.

కంప్యూటర్‌లో బోగీ లోపలి ఖాళీని లక్షల, ఒక్కోసారి కోట్ల చిన్న గడులుగా విడగొడతారు. ఒక్కో గడిలోకి ఎంత గాలి వచ్చింది, ఎంత పోయింది, ఎంత వేడి మోసుకెళ్లింది అని లెక్కిస్తారు. దీన్నే కంప్యూటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్, పొట్టిగా సీఎఫ్‌డీ అంటారు. వెంట్ రెక్కల కోణం మార్చినా, డక్టులో ఒక అడ్డురేకు జరిపినా ఏ బెర్తుకి ఏమవుతుందో రేకు కోయకముందే తెరమీద కనిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను పట్టుబడతాను. ఖాళీ బోగీకి వేసిన లెక్కను, రంగుల బొమ్మలు ఎంత బాగున్నా, ఒప్పుకోకూడదు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. 72 మంది ఉంటే ఏడు కిలోవాట్ల పైమాటే! నిద్రలో కాస్త తగ్గుతుంది. ఆ వేడి పైకి లేస్తూ గాలి దారినే మార్చేస్తుంది. కాబట్టి మనుషుల్నీ, ఎత్తి పెట్టిన మిడిల్ బెర్తునీ, సీట్ల కింది సామానునీ లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఆ తర్వాత నిజం బోగీలో కొలిచి సరిచూడాలి. జర్మనీలోని గోటింగెన్‌లో డీఎల్ఆర్ (ఆ దేశపు విమాన, అంతరిక్ష పరిశోధన సంస్థ) పరిశోధకులు ఇందుకోసం మనుషులకు బదులు వేడెక్కే బొమ్మల్ని సీట్లలో కూర్చోబెడతారు.

మన దగ్గర 2021లో వచ్చిన థర్డ్ ఏసీ ఎకానమీ బోగీల్లో ప్రతి బెర్తుకీ విడిగా వెంట్ పెట్టారు. నా దృష్టిలో అదే సరైన దారి.

ప్రస్తుతానికి తల వెంట్‌కి దూరంగా ఉండేలా దిండు మార్చుకోండి. రెక్కలు తిరిగేవైతే పక్కకి తిప్పండి. వెంట్‌లో పేపర్లు మాత్రం కుక్కకండి. ఆ గాలి పక్క వెంట్లలోంచి ఇంకా జోరుగా వచ్చి, అక్కడ పడుకున్నవాళ్ల ముఖాన కొడుతుంది.