సిలౌట్ ముందే గీసినా నా క్యారెక్టర్లన్నీ ఒకేలా ఎందుకు వస్తున్నాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ట్యుటోరియల్స్‌లో చెప్పినట్టు ముందు సిలౌట్‌లు, అంటే లోపలి వివరాలు లేని నల్లటి ఆకారాలు బోలెడు గీస్తున్నారు, నచ్చినవాటిలో డీటెయిల్స్ నింపుతున్నారు, అయినా చివరికి అన్నీ ఒకే మనిషికి వేర్వేరు వేషాలు వేసినట్టు ఉంటున్నాయి.

నేను మొబైల్ గేమ్‌లకి 2డి క్యారెక్టర్లు గీస్తుంటాను. అక్కడ బొమ్మ తెరమీద బొటనవేలి గోరంత ఉంటుంది, కాబట్టి సిలౌట్‌తో నాకు రోజూ కుస్తీయే. మీరు రాసింది చదివితే మార్పులన్నీ అంచు దగ్గరే చేస్తున్నారనిపించింది. కొమ్ములు, కేపు, భుజాలమీద ముళ్లు, ఎగిరే జుట్టు. కానీ వాటి కింద ఉన్న ఒళ్లు ప్రతిసారీ అదే: వెడల్పు భుజాలు, సన్నటి నడుము, కాళ్లు ఎడంగా పెట్టి నిటారుగా నిలబడటం. దూరం నుంచి చూసినప్పుడు కంటికి ముందు అందేది పెద్ద భాగాల నిష్పత్తి. తల ఎంత, మొండెం ఎంత, బరువంతా పైన ఉందా కింద ఉందా, వెన్ను ఎటు వంగింది... ఇవే. ముళ్లూ కొమ్ములూ ఆ సైజులో అంచుమీద గరుకులా మిగిలిపోతాయి.

మేం చేసిన ఒక గేమ్‌లో ఒక సన్యాసి, ఒక దొంగ ఉన్నారు. ఇద్దరికీ పొడవాటి అంగీ, తలమీద ముసుగు. కథ ప్రకారం అవి తీసేయడానికి వీల్లేదు. రంగుల్లో చూస్తే ఎవరికి వాళ్లే, నల్లగా నింపితే మాత్రం కవలలు. టీమ్‌లో అందరూ వస్తువులే సూచించారు: దొంగకి సంచి, సన్యాసికి కర్ర. పెట్టి చూశాం. పరుగెత్తేటప్పుడు సంచి ఒంట్లో కలిసిపోయేది, కర్ర మరీ సన్నగా ఉండి కనిపించేదే కాదు. చివరికి ఒళ్లే మార్చాం. సన్యాసి అంగీని కిందికి వచ్చేకొద్దీ వెడల్పు చేసి కాళ్లు పూర్తిగా కప్పేశాం. దొంగని ముందుకు వంచి, ముసుగు కొస ముందుకు లాగి, అంగీని మోకాళ్ల పైకి కత్తిరించాం. రెండు సన్నటి కాళ్లు, వాటి మధ్య ఖాళీ కనపడగానే గొడవ తీరిపోయింది.

ఆ ఖాళీని చాలామంది పట్టించుకోరు. చేతికీ నడుముకీ మధ్య, కాళ్ల మధ్య, ఆయుధానికీ ముఖానికీ మధ్య మిగిలే ఖాళీలే పోజ్‌ని చదివిస్తాయి. చెయ్యి ఒంటిమీదికి వచ్చిందంటే సిలౌట్‌లో అది లేనట్టే. తొలినాటి నలుపు తెలుపు కార్టూన్లలో మిక్కీ మౌస్‌కి సరిగ్గా ఇదే ఇబ్బంది: చేతులు నలుపు, ఒళ్లూ నలుపు, చెయ్యి ఛాతీ ముందుకి వస్తే మాయమయ్యేది. 1929లో తెల్ల గ్లౌజులు వచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది. అంటే మీకు రెండు దారులున్నాయి: ముఖ్యమైన పనిని ఒంటి పక్కకి తీసుకురావడం, లేదా లోపల లేత ముదురు తేడా చూపించడం. నేను వీలైనంతవరకు మొదటిదే చేస్తాను. రెండోది లైటింగ్ మారితే దెబ్బతింటుంది.

ఇంకో మాట. సిలౌట్‌మీద అన్ని బాధ్యతలూ వేయకండి. 2007లో వచ్చిన టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే షూటింగ్ గేమ్ ఈ విషయంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ. అందులో తొమ్మిది రకాల ఆటగాళ్లు. ఎదురుగా ఉన్నది ఏ రకమో సిలౌట్ చెబుతుంది, ఏ జట్టో రంగు చెబుతుంది, చేతిలో ఏ ఆయుధం ఉందో తెలియడానికి ఛాతీ దగ్గర కాంట్రాస్ట్ ఎక్కువ పెట్టారు. ఒక్కోదానికి ఒక్కో పని. జట్టు గుర్తుని కూడా సిలౌట్‌లోనే చూపించబోతే ముళ్ల కిరీటాలు మొదలవుతాయి.

ముందే సిలౌట్‌తో మొదలుపెట్టాలా అంటే, అక్కర్లేదు. నేను సాధారణంగా పలచటి గీతలతో పోజ్ వేసుకుని, కాస్త కుదిరాక నలుపు నింపి చూస్తాను. లోపల ఏదో ఒక రంగు నింపిన లేయర్‌కి ఆల్ఫా లాక్ (ఇప్పటికే గీసిన చోట తప్ప బయట రంగు పడనివ్వని సెట్టింగ్) పెట్టి నలుపు పోస్తే సరిపోతుంది, మళ్లీ అన్‌డూ. నల్లటి ముద్దలతో మొదలుపెట్టడంలో చిక్కేంటంటే, ముద్దగా భలే ఉన్నది లోపల శరీరం ఎలా కుదురుతుందో తెలియక తర్వాత మొరాయిస్తుంది. రాక్షసులకీ యంత్రాలకీ ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది, ఆకారం ఎటుపోయినా అడిగేవాళ్లుండరు.

ముఖాల క్లోజప్‌లతో నడిచే కథలకైతే ఇంత పట్టింపు అవసరం లేదు. అక్కడ తల, జుట్టు, మెడ, భుజాల గీత తేడాగా ఉంటే చాలు.

ఇప్పుడు కొత్తవి గీయడం ఆపి, ఉన్నవాటన్నిటినీ ఒకే ఫైల్‌లో పక్కపక్కన పెట్టండి. ఎత్తులు కథలో ఎలా ఉంటే అలాగే ఉంచండి, సమానం చేయొద్దు. నిలబడిన పోజ్‌తో పాటు పరుగు, దెబ్బ వేసే పోజ్ కూడా పెట్టి అన్నీ నల్లగా నింపి, తెరమీద నిజంగా కనిపించే సైజుకి తగ్గించండి. ఏ ఇద్దరు కలిసిపోతున్నారో చూసి, వాళ్లలో చిన్న పాత్రనే మార్చండి. హీరోని కదిపితే మిగతా అందరితోనూ మళ్లీ సరిచూసుకోవాల్సి వస్తుంది.