దీవివాళ్లు 'బ్లాహీన్' అని పిలుచుకున్న లైబ్రరీ పండితుడు

ఐరిష్ భాషకు మేలు చేసిన లైబ్రరీ పండితుల్లో ఒక్కరి గురించి చెప్పమన్నారు. చాలామంది రిచర్డ్ బెస్ట్ పేరు చెబుతారు. డబ్లిన్ నేషనల్ లైబ్రరీకి డైరెక్టర్‌గా చేశాడు, 1913లో ఐరిష్ గ్రంథసూచి అచ్చువేయించాడు. గొప్పవాడే, కాదనను. నా ఓటు మాత్రం రాబిన్ ఫ్లవర్‌కే. ఆయన ఐర్లండ్ మనిషి కూడా కాదు, ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టాడు.

డబ్లిన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక లాంగ్ వీకెండ్‌కి నేనూ మా ఆవిడా ఐర్లండ్‌లోని కెర్రీ జిల్లాలో, పడమటి కొసన ఉన్న డూన్ క్వీన్ వెళ్లాం. అక్కడ పడవెక్కి గ్రేట్ బ్లాస్కెట్ దీవి చూడాలని ప్లాన్. రేవులోకి దిగే దారి కొండ అంచున మెలికలు తిరుగుతుంది. సగం దిగాక, అలలు పెద్దవిగా ఉన్నాయి, ఇవాళ పడవ లేదన్నారు. ఉసూరుమంటూ పైకొచ్చి, ఆ దీవి కథ చెప్పే మ్యూజియం, బ్లాస్కెట్ సెంటర్‌లో దూరాం. పొడుగాటి నడవ, దాని చివర పెద్ద అద్దం, అద్దం అవతల మేం చేరలేకపోయిన దీవి. ఫ్లవర్ గురించి మొదటిసారి చదివింది అక్కడే.

ఆయన 1906లో బ్రిటిష్ మ్యూజియంలో చేరాడు. లైబ్రరీ అప్పట్లో మ్యూజియంలోనే ఉండేది. స్టాండిష్ ఓగ్రేడీ సగంలో వదిలేసిన ఐరిష్ రాతప్రతుల కేటలాగు ఈయన నెత్తిన పడింది. భాష రాకుండా ఆ పని ఎలా అవుతుంది? డబ్లిన్ వెళ్లి నేర్చుకున్నాడు. అక్కడి గురువు, నార్వేవాడైన మార్‌స్ట్రాండర్, ఐరిష్ మాట్లాడేవాళ్లుండే బ్లాస్కెట్ వెళ్లమన్నాడు. 1910లో వెళ్లినవాడు, తర్వాత మళ్లీ మళ్లీ సెలవులకి అక్కడికే. చేపలు పట్టుకు బతికే తోమాస్ ఓ క్రిహన్ చెబుతుంటే ఈయన కూర్చుని రాసుకునేవాడు. ఆ తోమాస్ ఆత్మకథ 1929లో ఐరిష్‌లో వచ్చింది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది ఫ్లవరే. ఆ పుస్తకం ఐర్లండ్ దాటి అంతమందికి చేరిందంటే ఈయన చలవే అంటాను.

దీవివాళ్లు ఆయన్ని బ్లాహీన్ అనేవారు. ఫ్లవర్ అంటే పువ్వు కదా, ఐరిష్‌లో పువ్వు 'బ్లా'. చివర 'ఈన్' చేరిస్తే చిట్టిపువ్వు. స్పెల్లింగ్ చూసి నేను 'బ్లైతిన్' అని చదివితే కౌంటర్లో అమ్మాయి నవ్వాపుకుని సరిదిద్దింది. పలికేది 'హ' అట!

కేటలాగు రెండో సంపుటం 1926లో వచ్చింది. 1946లో ఆయన పోయాడు, చితాభస్మం ఆ దీవి మీదే చల్లారు. మూడో సంపుటాన్ని ఐరిష్ పండితుడు మైల్స్ డిల్లన్ సరిచూశాక 1953లో అచ్చయింది. ఆ ఏడు నవంబరులోనే, దీవిలో మిగిలిన 22 మందినీ ప్రభుత్వం ఒడ్డుకు తరలించింది. ఈ రెండూ ఒకే ఏడాది జరగడం నన్ను చాలా రోజులు వదల్లేదు.

మీరు చదవాలనుకుంటే కేటలాగుతో మొదలుపెట్టకండి, ఓపిక చాలదు. తొమ్మిదో శతాబ్దపు ఐరిష్ క్రైస్తవ సన్యాసి ఒకాయన తన పిల్లి పాంగుర్ బాన్ గురించి రాసుకున్న చిన్న పద్యం ఉంది. పిల్లి ఎలుకను వేటాడుతుంటుంది, సన్యాసి పుస్తకంలో అర్థాన్ని వేటాడుతుంటాడు. ఫ్లవర్ చేసిన ఇంగ్లీషు అనువాదం చూడండి, ఐదు నిమిషాల పని.