పుకారుకు కంపెనీ జవాబు చెప్పి తీరాలా?

ప్రశ్న: ఆకివీడు దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. మేం మేత కొనే కంపెనీ రొయ్యలు ఎగుమతి కూడా చేస్తుంది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ఆ చిన్న కంపెనీ షేర్లు కొన్నాను. యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని అమెరికా దాని కంటైనర్లను తిప్పి పంపిందంటూ మదుపరుల టెలిగ్రామ్ గ్రూపులో వారం నుంచి రాస్తున్నారు. షేరు ధర పడిపోతోంది. కంపెనీ నోరు విప్పడం లేదు. జవాబు చెప్పే బాధ్యత దానికి లేదా?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: గ్రూపుల్లో తిరిగే ప్రతి మాటకూ బదులివ్వాలని చట్టం ఏ కంపెనీనీ నిర్బంధించదు. పుకార్లపై వివరణ ఇవ్వాలనే నియమం స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 లిస్టింగ్ నిబంధనల్లో 30(11) కింద ఉంది. అది 2024 జూన్ 1 నుంచి మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలకు, డిసెంబర్ 1 నుంచి మొదటి 250 కంపెనీలకు వర్తిస్తోంది. అక్కడ కూడా పుకారు పత్రికలు, టీవీ వంటి ప్రధాన వార్తా మాధ్యమాల్లో రావాలి, దానివల్ల షేరు ధర గణనీయంగా కదలాలి. అప్పుడే 24 గంటల్లో ఔననో కాదనో చెప్పాలి. మీ కంపెనీ ఆ జాబితాలో ఉండే అవకాశం తక్కువ.

అలాగని అది చేతులు కట్టుకుని కూర్చోవడానికి వీల్లేదు. కంటైనర్లు నిజంగానే వెనక్కి వచ్చి, ఆ నష్టం నిబంధనల్లోని పరిమితిని దాటితే, పుకారు ఉన్నా లేకున్నా ఎక్స్ఛేంజీకి తెలపాల్సిందే. ఎక్స్ఛేంజీయే వివరణ అడిగితే 30(10) ప్రకారం సూటిగా జవాబివ్వాలి. నిజాన్ని దాచి ఖండిస్తే అది మోసపూరిత వ్యవహారాల నిబంధనల కిందికి వస్తుంది.

ఇక నా అభిప్రాయం. ప్రతి పుకారునూ ఖండించడం మొదలుపెట్టిన కంపెనీ ఒక్కసారి మౌనంగా ఉంటే, అదే అంగీకారమని జనం అనుకుంటారు. అందుకే చిల్లర మాటలను వదిలేయడం సబబే. మీ విషయం అలాంటిది కాదు. ఈ మాట గ్రూపులోనే ఆగదు. రేపు రొయ్యల పట్టుబడి రోజున కొనుగోలుదారు చెరువు గట్టు మీద నిలబడి, ఇదే చెప్పి కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలనే లెక్క) రేటు తగ్గిస్తాడు. షేరు లేని రైతు కూడా నష్టపోతాడు. చట్టం బలవంతపెట్టకపోయినా ఇక్కడ కంపెనీ మాట్లాడి తీరాలి. స్వచ్ఛందంగా వివరణ ఇచ్చే వెసులుబాటును అదే 30(11) ఇస్తోంది. ఆ వివరణ ముందుగా ఎక్స్ఛేంజీకి వెళ్లాలి. గ్రూపులో పెడితే అందులో ఉన్నవారికే ముందు తెలుస్తుంది, మిగతా వాటాదారులకు అన్యాయం జరుగుతుంది.

మీరు ముందు ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో కంపెనీ ప్రకటనలు చూడండి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తాను తిరస్కరించిన సరుకుల జాబితాను సంస్థల పేర్లతో సహా తన వెబ్‌సైటులో పెడుతుంది; అక్కడ వెతకండి. కంపెనీ సెక్రటరీకి ఈమెయిల్ రాయండి. స్పందన లేకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. కంపెనీ 21 రోజుల్లో పరిష్కరించాలి.

ఆ సందేశాన్ని మాత్రం ఎవరికీ పంపకండి. షేరు ధరను ప్రభావితం చేసే అబద్ధాన్ని తెలిసి వ్యాప్తి చేసినవారికి సెబీ చట్టం 15హెచ్‌ఏ కింద కనీసం 5 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. గరిష్ఠంగా అది 25 కోట్లు లేదా పొందిన లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అంత. మొదట రాసినవారు తుడిచేయకముందే తేదీ, పేరు కనిపించేలా ఆ సందేశాలను స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచండి. ఫిర్యాదుకు జతచేయాల్సినవి అవే.