వక్త అమెరికా నుంచి రావచ్చు, చెక్కు రాకూడదు

ప్రశ్న: మాది విశాఖపట్నం. పదకొండేళ్లుగా ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం విదేశీ వ్యవహారాల మీద ఉపన్యాసం పెట్టించుకుంటున్నాం. రిటైరైన నేవీ అధికారులు, లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు అంతా కలిసి 64 మంది సభ్యులం. ఏడాదికి చందా రూ. 2,000. క్లబ్బుకి రిజిస్ట్రేషన్ లేదు. చందాలు కోశాధికారి గారి ఫోన్‌పేకి వస్తాయి. ఇప్పుడు మూడు విషయాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. అమెరికాలో స్థిరపడిన మా పాత సభ్యుడొకరు రూ. 3 లక్షలు విరాళం ఇస్తానంటున్నారు. ఒక దేశపు కాన్సులేట్ వాళ్లు తమ అధికారిని పంపుతామని, హాలు అద్దె, టీ టిఫిన్ల ఖర్చు కూడా తామే పెట్టుకుంటామని అన్నారు. ఈలోగా, గొడవ చేస్తున్నాడని వాట్సాప్ గ్రూపులోంచి తీసేసిన సభ్యుడు ‘మీ క్లబ్బే చట్టవిరుద్ధం, విదేశీ విరాళాల చట్టం కింద ఫిర్యాదు చేస్తా’ అని బెదిరిస్తున్నాడు. అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– క్లబ్ కార్యదర్శి (పేరు రాయవద్దన్నారు)

జవాబు: ముందు ఆ బెదిరింపు సంగతి. మీ క్లబ్బు చట్టవిరుద్ధం కాదు. సంఘంగా ఏర్పడే హక్కు రాజ్యాంగం 19(1)(సి) అధికరణం ఇచ్చింది. అరవై మంది ఒక హాల్లో కూర్చుని తైవాన్ గురించో, హోర్ముజ్ జలసంధి గురించో వినడానికి రిజిస్ట్రేషన్ ఉండి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. విదేశాంగ విధానాన్ని విమర్శించినా తప్పు లేదు. కాకపోతే భావ ప్రకటన స్వేచ్ఛకు పెట్టిన పరిమితుల్లో ‘విదేశాలతో స్నేహ సంబంధాలు’ అన్నది కూడా ఒకటుంది. మొదటి రాజ్యాంగ సవరణతో 1951లో చేర్చారు. మర్యాదగా సాగే ఉపన్యాసానికి దాని భయం అక్కర్లేదు.

నన్ను నిజంగా భయపెట్టింది మీ ఉత్తరంలోని ‘కోశాధికారి గారి ఫోన్‌పే’ అన్న మాట. 64 మంది, తలా రెండు వేలు అంటే ఏటా రూ. 1,28,000 ఆయన సొంత ఖాతాలో పడుతోంది. రేపు ఆదాయపు పన్ను వాళ్లు ఈ జమలు ఏమిటని అడిగితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆయనే. ఆయనకి ఏదైనా అయితే ఆ డబ్బు క్లబ్బుదని వారసుల దగ్గర రుజువు చేసుకోవాల్సింది మీరు. హాలు బుకింగ్ కాగితం మీద మీరు సంతకం పెట్టి ఉంటే, బాకీ పడ్డ రోజున హాలు యజమాని క్లబ్బుని కాదు, మిమ్మల్ని పట్టుకుంటాడు. రిజిస్టర్ కాని సంఘం తన పేరు మీద దావా వేయలేదు. పదకొండేళ్లు ఏ ఇబ్బందీ రాలేదంటే మీ కోశాధికారి మంచివారు కాబట్టి. ఆయన మంచితనం మీద క్లబ్బుని ఎన్నాళ్లని నడుపుతారు?

కాబట్టి రిజిస్టర్ చేయించండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు ఉంటే చాలు. అంతకుముందు ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి కేంద్ర చట్టం, తెలంగాణలో 1350 ఫస్లీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటి నిజాం చట్టం ఉండేవి. ఆ రెండింటి స్థానంలో ఇది వచ్చింది. తెలంగాణలో ఇప్పుడు ఇదే చట్టం ఆ రాష్ట్రం పేరుతో నడుస్తోంది. మెమొరాండం (సంఘం పేరు, ఆశయాలు చెప్పే పత్రం), నియమావళి, ఏడుగురి గుర్తింపు కాగితాలు, కార్యాలయం చిరునామాకి ఆధారం పట్టుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లాలి. కార్యాలయం ఎవరింట్లోనైనా ఉండొచ్చు, ఇంటి యజమాని అంగీకార పత్రం తీసుకోండి. నంబరు రాగానే పాన్ కార్డు, సొసైటీ పేరున బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకంతో చెక్కులు. ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రార్‌కి దాఖలు చేయడం మరిచిపోవద్దు. చాలా సొసైటీలు రిజిస్టర్ అయిన ఉత్సాహంలో మొదటి ఏడాది చేస్తాయి, తర్వాత పదేళ్లు అటు చూడవు. కమిటీలో గొడవ వచ్చినప్పుడు ‘అసలు మీరు కమిటీయే కాదు’ అని అవతలివాడు పట్టుకునేది అక్కడే.

ఆశయాలు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ఉత్సాహంలో ‘రాజకీయ చైతన్యం’ లాంటి మాట పెట్టకండి. సొసైటీల చట్టానికి ఇబ్బంది లేదు గానీ, ఆశయాల్లో రాజకీయం కనిపిస్తే రాజకీయ స్వభావం గల సంస్థ అని విదేశీ విరాళాల చట్టం కింద ముద్ర పడే అవకాశం ఉంది. ‘అంతర్జాతీయ వ్యవహారాలపై విజ్ఞాన వ్యాప్తి’ అంటే సరిపోతుంది. పేరులో ‘జాతీయ’, ‘ఐక్యరాజ్య సమితి’ వంటివీ వద్దు. ప్రభుత్వ అండ ఉన్నట్టు తోచే పేర్లను 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం ఒప్పుకోదు.

ఇక రూ. 3 లక్షలు. ఆ పాత సభ్యుణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: ‘అన్నా, నీ పాస్‌పోర్టు ఏ దేశానిది?’ సమాధానం మొత్తం అందులోనే ఉంది. గ్రీన్ కార్డు మీద ఉండి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే ఆయన ఎన్నారై. తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకుని నిశ్చింతగా తీసుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, ఆయన చట్టం దృష్టిలో విదేశీ మూలం. డాలర్లలో పంపినా, విశాఖ వచ్చినప్పుడు ఇక్కడి ఖాతాలోంచి రూపాయల్లో చెక్కు రాసినా తేడా లేదు. ఇచ్చినవాడు ఎవరన్నదే లెక్క. ‘మా తమ్ముడి ఖాతాలో వేస్తా, వాడి చేత ఇప్పిస్తా’ అంటారు. అదీ కుదరదు. చేతులు మారి వచ్చినా అది విదేశీ విరాళమే అని 2010 నాటి విదేశీ విరాళాల చట్టం నిర్వచనంలోనే రాసి ఉంది. ‘మాది రిజిస్టర్ కాని క్లబ్బు కదా’ అన్న వాదనా నిలవదు. రిజిస్టరైనా కాకపోయినా వ్యక్తుల సంఘమైతే చాలు, చట్టం వర్తిస్తుంది. ఉల్లంఘనకి జైలు, జరిమానా రెండూ ఉన్నాయి.

సక్రమంగా తీసుకునే దారి లేదా అంటే, ఉంది. మొదటిది విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్: దానికి సంస్థ కనీసం మూడేళ్ల నుంచి ఉండాలి, గడచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో ప్రధాన కార్యక్రమాలపై రూ. 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మీ బడ్జెట్ ప్రకారం అది ఇప్పట్లో అయ్యేది కాదు. రెండోది ముందస్తు అనుమతి: ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని కేంద్ర హోంశాఖకి దరఖాస్తు పెట్టాలి. వస్తే ఆ డబ్బు ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. ఏటా లెక్కలు వేరే. మూడు లక్షల కోసం ఇంత తతంగం అంటే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. నా సలహా అడిగితే, ఆయనకి దండం పెట్టి, విశాఖ వచ్చినప్పుడు ఒక ఉపన్యాసం ఇవ్వమనండి. ఓసీఐ కార్డుదారులు ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సిన పనుల జాబితాను 2021 మార్చిలో ప్రకటించారు. పరిశోధన, జర్నలిజం, మతప్రచారం, పర్వతారోహణ వంటివి అందులో ఉన్నాయి. మీ సభలో మాట్లాడటం అందులో లేదు.

కాన్సులేట్ విషయం ఇంకా తేలిక. అధికారి వచ్చి మాట్లాడటంలో చిక్కు లేదు. ఆ కాన్సులేట్ పరిధిలోకి మన రాష్ట్రం వస్తుందో లేదో చూసుకోండి. ఉదాహరణకి హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ పరిధిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉన్నాయి. చిక్కల్లా హాలు అద్దె, టీ టిఫిన్ల దగ్గరే. కాన్సులేట్ అంటే విదేశీ ప్రభుత్వం. మీ కార్యక్రమానికి వాళ్లు మీకు డబ్బిస్తే అది పదివేలైనా విదేశీ విరాళమే. వాళ్లే నిర్వాహకులుగా ఉండి, ఆహ్వానం వాళ్ల పేరున వేసి, హాలుకి, క్యాటరర్‌కి నేరుగా వాళ్లే కట్టి మిమ్మల్ని పిలిస్తే మీరు కేవలం అతిథులు. మధ్యేమార్గాలు వెతక్కండి. అంతకన్నా మేలు, ఆ రోజు ఉప్మా, కాఫీ మీరే పెట్టించండి. అరవై నాలుగు మందికి ఎంతవుతుంది కనక!

ఏదో పని మీద ఇండియా వచ్చిన విదేశీ ప్రొఫెసర్‌ని ‘ఎలాగూ వచ్చారు కదా’ అని పట్టుకొచ్చి మాట్లాడించే అలవాటు క్లబ్బుల్లో ఉంటుంది. ఆయన టూరిస్టు వీసా మీద వచ్చి ఉంటే ఆ పని చేయకండి. సదస్సులకి వేరే వీసా ఉంది. దానికి హోంశాఖ, విదేశాంగ శాఖల అనుమతులు కావాలి. మీ స్థాయికి అది తలకు మించిన పని. వీసా షరతు తప్పితే ఇబ్బంది పడేది పాపం ఆ అతిథి. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత విదేశీయుల చట్టం పోయి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది కూడా. విదేశీయుణ్ణి సభ్యులెవరింట్లోనైనా బస చేయిస్తే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి. ఇన్నాళ్లూ ఫారం-సి అని పిలుస్తున్నది దాన్నే. హోటళ్లకే అనుకుంటారు చాలామంది. ఇళ్లకీ వర్తిస్తుంది.

జూమ్‌లో మాట్లాడిస్తే ఈ గొడవలేవీ లేవు. అయితే అక్కడ ఇంకో మెలిక ఉంది. విదేశంలో ఉన్న వక్తకి వంద డాలర్లు గౌరవ వేతనం పంపారనుకోండి, అది సేవల దిగుమతి. దాని మీద జీఎస్టీ మీరే కట్టాలని, అలా కట్టాల్సినవాళ్లకి మామూలుగా ఉండే రూ. 20 లక్షల టర్నోవరు పరిమితితో పని లేకుండా రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని చట్టం. ఆ చెల్లింపులోంచి ఆదాయపు పన్ను కోత (టీడీఎస్) సంగతి వేరే చూడాలి. వంద డాలర్ల కోసం నెలనెలా రిటర్నులు! శాలువా కప్పినట్టు భావించమని చెప్పి ఉచితంగా మాట్లాడించుకోండి. తప్పదంటే ముందు చార్టర్డ్ అకౌంటెంట్‌ని కలవండి.

మామూలుగా చూస్తే మీకు జీఎస్టీ బాధ లేదు. సేవల టర్నోవరు ఏడాదికి రూ. 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. సభ్యులకి క్లబ్బు అందించే సేవ మీద పన్ను వేయవచ్చా అన్న వివాదం మాత్రం ఇంకా నడుస్తోంది. 2019లో కలకత్తా క్లబ్ కేసులో సుప్రీంకోర్టు క్లబ్బుల పక్షాన చెప్పింది. 2021లో పార్లమెంటు చట్టం మార్చింది. ఆ మార్పు రాజ్యాంగ విరుద్ధమని 2025 ఏప్రిల్‌లో కేరళ హైకోర్టు అంది. అది పెద్ద క్లబ్బుల తలనొప్పి. ఆదాయపు పన్నులో సభ్యుల చందా సభ్యులకే ఖర్చయితే ఆదాయం కిందికి రాదు. మిగిలిన డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఆ వడ్డీకి ఈ సూత్రం వర్తించదని 2013లో బెంగళూరు క్లబ్ కేసులో, 2023లో మన సికింద్రాబాద్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. బయటివాళ్లకి టికెట్టు పెట్టి అమ్మినా అంతే.

చట్టం పుస్తకాల్లో ఒక మూలన పడి ఉండి, మీ లాంటి క్లబ్బులకే సరిగ్గా తగిలే సెక్షన్ ఒకటుంది. ప్రతి వక్తా తెర మీద మ్యాపు చూపిస్తాడు. విదేశీ పత్రికల్లోంచి తీసిన మ్యాపులో జమ్ముకాశ్మీర్ చుట్టూ చుక్కల గీతలు, అక్సాయ్ చిన్ వేరే రంగులో ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుతో సరిపోలని భారతదేశ పటాన్ని ప్రచురించడం 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం సెక్షన్ 2 కింద నేరం. ఆరు నెలల దాకా జైలు. హాల్లో ఒకసారి తెర మీద చూపడం ప్రచురణ అవుతుందా అని వాదించుకోవచ్చు. అదే స్లైడ్ ఆహ్వాన పత్రిక మీదో, యూట్యూబ్‌లోనో పెడితే వాదనకి కూడా చోటు లేదు. స్లైడ్లు రెండ్రోజుల ముందే తెప్పించుకుని మీ నేవీ మిత్రులెవరికైనా చూపించండి, వాళ్ల కన్ను ముందు మ్యాపు మీదే పడుతుంది.

యూట్యూబ్ అన్నాను కాబట్టి: ఉపన్యాసం మీద కాపీరైట్ మాట్లాడినవారిది, హాలు అద్దె కట్టిన మీది కాదు. పైగా కాపీరైట్ చట్టం ‘ప్రదర్శకుడు’ అన్న మాటకిచ్చిన నిర్వచనంలో గారడీవాడు, పాములాడించేవాడు, ఆ వెంటనే ఉపన్యాసం ఇచ్చేవాడు అని వరసగా ఉంటుంది. మీ వక్తలకి చెబితే నవ్వుకుంటారు. ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకుని అప్పుడు పెట్టండి. సర్వీసులో ఉన్న కేంద్ర ఉద్యోగి వక్తయితే అసలు రికార్డు చేయకపోవడమే ఆయనకి మీరు చేసే ఉపకారం. విదేశాలతో సంబంధాలకి ఇబ్బంది కలిగించే వ్యాఖ్యలు చేయరాదని వాళ్ల ప్రవర్తనా నియమావళిలో ఉంది.

చివరిగా ఆ బెదిరించిన సభ్యుడు. మీ ఉత్తరం ప్రకారం విదేశీ డబ్బు ఇంకా రూపాయి కూడా రాలేదు కాబట్టి ఆయన ఫిర్యాదులో పస లేదు. అయితే ఆయన్ని తీసేసిన పద్ధతి తప్పు. వాట్సాప్ గ్రూపులోంచి తీసేయడం సభ్యత్వ రద్దు కాదు. ఆయన ఈ ఏడాది చందా కట్టి ఉంటే ఇప్పటికీ సభ్యుడే. క్లబ్బు వ్యవహారాల్లో కోర్టులు మామూలుగా తలదూర్చవు. అయితే తీసేసే అధికారం నియమాల్లో ఉండాలి, ఆ వ్యక్తికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, దురుద్దేశం ఉండకూడదు. ఒక మేసన్ల లాడ్జి (ఫ్రీమేసన్లనే సోదర సంఘం శాఖ) తన సభ్యుణ్ణి బహిష్కరించిన కేసులో సుప్రీంకోర్టు అరవై ఏళ్ల కిందటే చెప్పిన సూత్రమిది. మీకు నియమాలే లేవు. రేపు సొసైటీ అయ్యాక ఇలాంటి తగాదా వస్తే సభ్యుడు సొసైటీల చట్టం సెక్షన్ 23 కింద మధ్యవర్తిత్వానికి గానీ, జిల్లా కోర్టుకి గానీ వెళ్లవచ్చు. అందుకని ఇప్పుడే ఆయన్ని గ్రూపులో తిరిగి చేర్చండి. రిజిస్ట్రేషన్ కోసం పెట్టే సమావేశానికి అందరితో పాటు ఆయనకీ నోటీసు పంపండి. స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదు మినిట్స్ పుస్తకంలో అతికించండి. వస్తే సంతకం పెట్టించుకోండి, రాకపోతే రాలేదని రాసుకోండి.