రెసిపీలో గంటన్నర అంటే బరంపురంలో ఎంత?

అమ్మడూ,

మీ గ్రూపులో బేకింగ్ ఛాలెంజ్ మొదలైందనీ, నెలకో రకం అందరూ ఒకే రెసిపీతో చేయాలనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మొదటి బ్రెడ్డు పుల్లగా వచ్చి నడుమ కుంగిపోయిందని తెగ ఇదైపోతున్నావట. నీ చేతి తప్పేం లేదు, తప్పంతా మే నెలది.

ఆ రెసిపీ రాసినవాళ్ల వంటింట్లో ఇరవై రెండో ఇరవై నాలుగో డిగ్రీలు ఉండి ఉంటాయి. బరంపురంలో ఇప్పుడు మధ్యాహ్నం వంటిల్లు ఫ్యాన్ వేసినా 34, 35 దాటే ఉంటుంది, దానికి తోడు గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే తడిగాలి. పది డిగ్రీలు పెరిగితే ఈస్ట్ పని దాదాపు రెట్టింపవుతుంది. వాళ్లు గంటన్నర అని రాసింది నీ ఇంట్లో నలభై నిమిషాలకే అయిపోతే, నువ్వేమో అలారం పెట్టుకుని సీరియల్ చూస్తూ కూర్చున్నావు. ఎండాకాలం ఇడ్లీ పిండి బయట పెడితే తెల్లారేసరికి గిన్నె దాటి గట్టు మీదికి వచ్చేయడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదానివే కదా, ఇదీ అంతే.

కాబట్టి గడియారాన్ని పక్కన పెట్టు. గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి తీసుకో, పారదర్శకంగా ఉంటే మరీ మంచిది. పిండి ముద్ద అందులో వేసి పైభాగం ఎక్కడుందో అక్కడ రబ్బర్ బ్యాండ్ వెయ్. ముద్ద దానికి రెట్టింపు ఎత్తుకి వచ్చినప్పుడే తీయాలి, ఇరవై నిమిషాలు పట్టనీ, రెండు గంటలు పట్టనీ. బేసిన్‌లో పెడితే పిండి పక్కలకి పాకుతుంది, పొంగిందో లేదో బ్రహ్మకి కూడా తెలియదు. షేప్ చేసి టిన్నులో పెట్టాక మాత్రం వేలే కొలత: పిండి పూసుకున్న వేలితో నొక్కు, గుంట మెల్లగా సగం పూడితే ఓవెన్‌లోకి వెళ్లాలి, టక్కున లేచిపోతే ఇంకాసేపు ఆగాలి, అసలు లేవకపోతే ఆలస్యమైపోయింది. నీది కుంగింది ఇందుకే.

కొలతల సంగతి. 500 గ్రాముల మైదాకి 325 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు బాగానే ఉన్నాయి, మార్చకు. ఈస్ట్ మాత్రం వాళ్లు 5 గ్రాములంటే నువ్వు 3 వెయ్. గోరువెచ్చని నీళ్లు అని ప్రతి రెసిపీలోనూ ఉంటుంది, అది చలి ఊళ్ల మాట, నువ్వు ఫ్రిజ్ నీళ్లు పొయ్యి. ఇన్‌స్టంట్ ఈస్ట్ అయితే పొడిగా మైదాలోనే కలిపేయొచ్చు. పిసకడం అయ్యాక ముద్ద లోపల థర్మామీటర్ గుచ్చితే 24 నుంచి 26 మధ్య ఉండాలి, పిసుకుతుంటేనే వేడి పుడుతుంది కనుక చల్లగా మొదలుపెట్టకపోతే అది కుదరదు. ఇంకా కప్పులతో కొలుస్తున్నావంటే ముందు కాటా కొనుక్కో. ఒకే కప్పులో వదులుగా వేస్తే 120 గ్రాములు, అదిమితే 150 పడుతుంది, ఆ తేడాకి ఏ రెసిపీ నిలబడదు.

ఓవెన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నాబ్ మీది అంకెను నమ్మకు, లోపల తగిలించే థర్మామీటర్ పెట్టుకో. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఓటీజీ, అదే నీ చిన్న కరెంటు ఓవెన్, నడవదు, కోత వేళ చూసుకుని మొదలుపెట్టు. దించాక గంట ఆగి కొయ్యి. మీ నాన్నకి ఆ గంట ఆగే ఓపిక లేదని నాకు తెలుసు, దాచిపెట్టు.

ఇక గ్రూపు. ఇలా కలిసి చేయడంలో అసలు లాభం ఫోటోలకి వచ్చే లైకుల్లో లేదు. మీలో బరంపురం వాళ్లున్నారు, పర్లాకిమిడి వాళ్లున్నారు, కొరాపుట్ అమ్మాయి కూడా ఉందన్నావు. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ మీకన్నా చల్లగా ఉంటుంది కనుక ఆ అమ్మాయి పిండి నీ పిండి కంటే నెమ్మదిగా పొంగుతుంది. ఒకే రెసిపీ ఇద్దరి దగ్గరా ఎంతసేపు పట్టిందో పక్కపక్కన పెట్టి చూస్తే ఏ పుస్తకమూ చెప్పనంత తెలుస్తుంది. అందుకని ప్రతి ఫోటో కింద గది వేడి, నీళ్ల వేడి, ఎంతసేపు పొంగిందీ రాయమని అడుగు. పైన ఎర్రగా కాలిన ఫోటో ఒక్కటీ పెడితే ఎవరికీ ఉపయోగం లేదు, కోసిన ముక్క పెట్టాలి, లోపల కింద పచ్చిగా గట్టిపడిందో, పైన పెద్ద బొక్క పడిందో అందులోనే కనిపిస్తుంది.

జూన్‌కి పఫ్ పేస్ట్రీ అనుకుంటున్నారట, ఎవరి ఐడియా అది! వెన్న 32, 33 డిగ్రీలకే కరిగిపోతుంది. పిండి మధ్య వెన్న పెట్టి, మూడు మడతల చొప్పున ఆరుసార్లు మడిస్తే 729 పొరలు రావాలి, మీ వంటింట్లో మూడోసారికే వెన్న పిండిలో ఇంకిపోయి బిస్కెట్టు అవుతుంది. దాన్ని డిసెంబరుకి జరపమను. కాదంటే తెల్లవారుజామున ఐదింటికి లే, అప్పడాల కర్రతో సహా అన్నీ ఫ్రిజ్‌లో పెట్టుకో, మడత మడతకీ అరగంట ముద్దని కూడా లోపల పెట్టు, వేలికి వెన్న జిడ్డు తగిలిన క్షణం ఆపెయ్.

జూన్ మధ్యలో ఒడియా వాళ్ల రజొ పండగ వస్తుంది కదా, ఆ నెలకి పొడొపిఠా పెట్టమని నా మాటగా చెప్పు. బియ్యం, మినప్పప్పు రుబ్బి పులియబెట్టి, బెల్లం, కొబ్బరి కలిపి అరిటాకులో కాల్చేదే, ఓటీజీలో 180 దగ్గర గంట దాకా పడుతుంది. ఎంత పులియాలో మీ పక్కింటి ఒడియా అత్తయ్యని అడుగు, ఆవిడ చెప్పింది రాసి నాకూ పంపు.

మీ పెద్దమ్మ