ఇంగ్లండ్ పాత సంత ఊళ్లలో మెయిన్ వీధి ఎందుకంత వెడల్పు?

ఆ వీధిలోనే వారపు సంత జరిగేది కాబట్టి. బండ్లు, పశువులు, గొర్రెలు, అంగళ్లు అన్నీ అక్కడే నిలవాలి, మధ్యలో మనుషులు తిరగాలి. సంత పెట్టుకోవడానికి రాజుగారి అనుమతిపత్రం కావాలి. అది దొరికితే అంగళ్ల అద్దె, సుంకం రూపంలో ఆదాయం, అందుకే స్థలం వదలడానికి ఎవరూ వెనకాడలేదు.

మార్ల్‌బరో ఊరే చూడండి. 1204లో జాన్ రాజు ఇచ్చిన పత్రంతో బుధ, శనివారాల్లో సంత పెట్టుకునే హక్కు వచ్చింది. ఆ ఊరి మెయిన్ వీధి, అంటే హై స్ట్రీట్, బ్రిటన్‌లోని బాగా వెడల్పైన వీధుల్లో ఒకటి. ఇప్పటికీ అవే రోజుల్లో అక్కడ అంగళ్లు పెడతారు, మిగతా రోజుల్లో మధ్యలో కార్లు పార్క్ చేస్తారు (సంత స్థలానికి పట్టిన గతి!).

మార్ల్‌బరో మీదుగా వెళ్లే లండన్-బాత్ దారిలో తిరిగిన గుర్రపు కోచ్‌ల కోసం దీన్ని వెడల్పు చేశారని చాలామంది అనుకుంటారు. కానీ కోచ్‌ల జోరు 18వ శతాబ్దానిది, 19వ శతాబ్దం మొదట్లోది, సంత అంతకు ఐదు వందల ఏళ్ల ముందుది. అసలు ఇలాంటి వీధులు కాలక్రమంలో వెడల్పవడం కంటే ఇరుకైనవే ఎక్కువ. సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్లో సంత అంగళ్లు మెల్లగా పక్కా ఇళ్లుగా మారి, విశాలమైన స్థలం కాస్తా సందులైపోయింది.