ఆ నాలుగు పాదాలు కొట్టెయ్యి

తమ్ముడూ,

కవరు విప్పగానే పైన నీ జాబితా ఉంది. జనవరిలో హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్, ఆ వెంటనే మరో రెండు ఊళ్లలో సభలు, ఉగాదికి రవీంద్రభారతిలో కవిసమ్మేళనం, ఈ ఏడాది అచ్చయిన కవితల పట్టిక, వాటికి వచ్చిన మెప్పులు. కవితలు ఆ అడుగున ఉన్నాయి.

ఇస్త్రీబండి కవిత బాగుంది. పెట్టె కాలిందో లేదో చూడటానికి మీ అమ్మ వేలితో నీళ్లు చిలకరించే చోట ఆగిపోయాను. కానీ ఆ కవితను రెండు రూపాల్లో పంపావు. ఒకటి ఆదివారం అనుబంధంలో అచ్చయినది. రెండోదానిపైన ‘వేదిక కోసం’ అని రాశావు. అందులో చివర నాలుగు పాదాలు చేర్చావు, సమాజాన్ని నిలదీస్తూ, ప్రాసలు కూర్చి, ఆఖరి మాట మూడుసార్లు. అక్కడ చప్పట్లు పడతాయని నీకు తెలుసు. ఈ ఉత్తరం రాయించినవి ఆ నాలుగు పాదాలే.

అప్పటిదాకా బండి దగ్గర మీ అమ్మ నిలబడి ఉంది. ఆ పాదాలు రాగానే ఆమెను పక్కకు జరిపి నువ్వొచ్చి నిలబడ్డావు. కాగితానికి ఒక కవిత, వేదికకు ఒక కవిత అనే పద్ధతిని నేను జన్మలో ఒప్పుకోను.

వేదికంటే నాకు పడదనుకోకు. వినడం ఎంత గొప్ప విద్యో ఈ హైదరాబాద్ ముషాయిరాల్లో, అంటే ఉర్దూ కవుల సభల్లో, చూశాను. షాయర్, అంటే కవి, మొదటి మిస్రా (పాదం) చదువుతాడు. సభ దాన్ని అందుకుంటుంది. మళ్లీ చదువుతాడు. రెండోది ఎటు తిరుగుతుందోనని అందరూ కాచుకుని ఉంటారు. నచ్చితే ‘ముకర్రర్’, అంటే మళ్లీ అని అడిగి మరీ చదివించుకుంటారు. అక్కడ పాదాన్ని తిరిగి పలికించే హక్కు వినేవాడిది. ఆ హక్కును నువ్వు ఇంట్లోనే లాక్కుని మూడుసార్లు రాసుకొచ్చావు.

మన కవిసమ్మేళనాలకు ఈ జబ్బు ఎలా పట్టిందో చెప్పనా? మనిషికి మూడు నిమిషాలు. చదవడం, శాలువా కప్పించుకోవడం, ఫోటో దిగడం, వెళ్లిపోవడం. ఆఖరి కవి ఖాళీ కుర్చీలకూ మైకు అబ్బాయికీ చదువుతాడు. ఆ ఆఖరి వంతు నాకు చాలా ఏళ్లు పడింది. ఒకరిది ఒకరు వినని చోట కేక తప్ప ఏదీ చెవిన పడదు. అందుకే అందరూ కేకలు రాస్తున్నారు.

సంపాదకులూ తక్కువ తినలేదు. ఒక వారపత్రికాయన నా కవిత చివరి చరణం కోసి ఆ జాగాలో పళ్లపొడి ప్రకటన వేశాడు. అడిగితే ‘భావం అందింది కదండీ’ అన్నాడు. ఇప్పటివాళ్లు కోయరు, ఎందుకంటే చదవరు. కవితకన్నా ముందు ఫోటో అడుగుతారు. మొదటి పుస్తకాన్ని చీటీ పాడిన డబ్బుతో అచ్చు వేయించి, కట్టలు సంచిలో మోసుకుంటూ కోఠి దుకాణాలన్నీ తిరిగాను. కొన్నాళ్లకు నా సంతకమున్న ప్రతి ఒకటి ఆబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద కనిపించింది. బాధపడ్డాను. అయినా అందులో ఏ పాదమూ చప్పట్ల కోసం పెట్టినది కాదు. అది ఈనాటికీ నాకు ధైర్యం.

అలిశెట్టి ప్రభాకర్‌ను చదివావా? జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడ ఫోటో స్టూడియో నడుపుతూ, ఆంధ్రజ్యోతిలో ‘సిటీ లైఫ్’ పేరుతో చిన్న చిన్న కవితలు రాశాడు. 1993లో క్షయతో పోయాడు. నాలుగైదు పాదాల్లో మనిషిని నిలబెట్టి తాను తప్పుకునేవాడు. నువ్వు చేసినదానికి సరిగ్గా తలకిందులు.

ఏడాదిలో రెండో సంపుటి అంటున్నావు. శ్రీశ్రీ 1930లలో రాసిన గీతాలు ‘మహాప్రస్థానం’గా వచ్చింది 1950లో. ఆ ఆలస్యం వాటికేమీ చేటు చేయలేదు. ఏ ప్రచురణకర్త మంచివాడు, ఇంగ్లీషులోకి ఎవరు అనువదిస్తారు అన్న నీ ప్రశ్నలకు ఇప్పుడు నాకు ఓపిక లేదు.

జనవరిలో మొదటి రూపమే చదువు. సభ నిశ్శబ్దంగా ఉండిపోతే ఉండిపోనీ, కంగారుపడి గొంతు పెంచకు. చదివాక కిందికి దిగి కూర్చో. ఆఖరివాడు ముగించేదాకా కదలకు, వీలైతే అతనితో నాలుగు మాటలు మాట్లాడు.

ముందుమాట అడిగావు. రెండో రూపాన్ని చించేశానని రాసి, సంపుటి ప్రతి మళ్లీ పంపు. అప్పుడు చూద్దాం.